పైకప్పు లేని కారుకు హీటరు

సెల్విన్ డోయిగ్ తన కారు తానే కట్టుకున్నాడు. కొనుక్కోలేక కాదు. బజారులో దొరికే కార్లు మనుషుల్ని చెడగొడుతున్నాయని అతని గట్టి నమ్మకం. పైకప్పు దండగ, తలుపులు దండగ, మెత్తటి సీట్లు దండగ. అన్నిటికన్నా పెద్ద దండగ హీటరు.

"చలేస్తే కోటు వేసుకోవాలిరా మెర్వ్. మనిషి వేసుకోవాల్సిన కోటు కారుకి తొడిగితే ఎలా?" అనేవాడు నాతో.

నేను వాళ్ల పక్కింటివాణ్ణి. పళ్లతోటల్లో ట్రాక్టరు తోలి తోలి రిటైరయ్యాను. కారు కట్టడం నాకు రాదు. టార్చిలైటు పట్టుకోవడం, "బాగుంది" అనడం వచ్చు. సెల్విన్ షెడ్డులో ఆ రెండు పనులూ ఎప్పుడూ ఉండేవి.

అతను ఆనకట్ట దగ్గర పవర్‌హౌస్‌లో ఫిట్టరుగా చేసినవాడు. చేతిలో పనితనం ఉంది, చేతినిండా తీరిక ఉంది. ఇనుప గొట్టాలు కోసి, అతికి, అల్యూమినియం రేకు చుట్టి, పాత వ్యానులోంచి తీసిన చిన్న ఇంజను బిగించాడు. బరువు తగ్గాలని బ్రేకు పెడలుకి కూడా చిల్లులు పెట్టాడు. ఆ చిల్లులు పెట్టిన రోజు పొద్దున్న టోస్టు మీద వెన్న దట్టంగా రాసుకుని తింటుంటే వాళ్లావిడ నోలీన్ చూస్తూ ఊరుకుంది. నాతో మాత్రం, "పెడలుకి చిల్లులెందుకు మెర్వ్? ఆ వెన్న మానేస్తే ఇంకా తేలికవుతుంది కారు," అంది.

రెండు సీట్ల కారు. ఎడమవైపు సీటు నోలీన్ కోసం. ఆమెకి చెప్పకుండా వంటింట్లో ఆమె కూర్చునే కుర్చీ కొలతలు తీసుకొచ్చి, దాని ప్రకారం కట్టాడు. ఆ సంగతి అతనికి, నాకు మాత్రమే తెలుసు. ఆ సీటు తోలు కొత్తవాసన పోకుండానే ఉంది. ఎందుకంటే నోలీన్ అందులో ఎప్పుడూ కూర్చోలేదు. బజారులో కొన్న తన మామూలు కారులోనే తిరిగేది.

"వెచ్చగా ఉంటే ఎక్కుతాను. లేకపోతే నీకూ నీ కారుకీ ఒక దండం," అనేది.

"ఒక్కసారి ఎక్కు. గాలి మొహానికి కొడుతుంటే అప్పుడు తెలుస్తుంది నీకు."

"గాలి నాకు తెలియనిదా? బట్టలు ఆరేసేది నేనేగా."

మా అలెగ్జాండ్రాలో చలికాలం గాలి అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మాది భూమికి దక్షిణపు కొస, చలి జూన్‌లో మొదలవుతుంది. అప్పుడు నది మీంచి లేచిన పొగమంచు రోజుల తరబడి ఊరి మీదనుంచి కదలదు. కంచె తీగలకి, గొర్రెల వీపులకి తెల్లగా పేరుకుంటుంది. ఆ గాలిలో పైకప్పు లేని కారెక్కడం సెల్విన్‌కి స్వేచ్ఛ. నోలీన్‌కి న్యుమోనియా.

కారు పూర్తయింది. రోడ్డెక్కాలంటే ఇంటిలో కట్టిన కారుకి తనిఖీ జరగాలి కదా, డునీడిన్ నుంచి రోవీనా టిపా అనే ఆవిడ వచ్చింది. వెల్డింగులన్నీ అద్దం పెట్టి మరీ చూసింది. బ్రేకులు చూసింది. ఒక్క వంక దొరకలేదు. సెల్విన్ గడ్డం నిమురుకుంటూ నావంక గర్వంగా చూశాడు. అప్పుడు ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని ముందు అద్దం మీద గట్టిగా ఊపిరి వదిలింది. అద్దం తెల్లగా మసకబారిపోయింది.

"ఇప్పుడు నాకు రోడ్డు కనపడటం లేదండీ," అంది.

సెల్విన్ జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు. "ఇప్పుడు కనపడుతుంది."

"గుడ్డకి నేను సర్టిఫికెట్ ఇవ్వలేను. అద్దం మీద ఆవిరి పోగొట్టడానికి వేడిగాలి రావాలి. అది రూలు."

"పైకప్పు లేదు కదండీ. కాస్త మెడ సాచి అద్దం పైనుంచి చూస్తే చాలు."

"మీ మెడ సాగుతుంది. నాది సాగదు," అందామె. నిజమే, పొట్టి మనిషి. "అద్దం తీసేయండి, గాలి ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఉంచితే మాత్రం హీటరు పెట్టాలి."

అప్పుడే టీ పట్టుకొచ్చిన నోలీన్ ఈ మాట విని కప్పులు బల్లమీద పెట్టేసి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు నూరేళ్లు వెచ్చగా ఉండు తల్లీ," అంది.

అద్దం తీసేయాలా అని సెల్విన్ నిజంగానే ఆలోచించాడు. కానీ ఆ అద్దం చట్రం తయారుచెయ్యడానికి ఒక చలికాలమంతా పట్టింది. చివరికి తుక్కు కార్ల యార్డుకి పోయి, నుజ్జయిన ఒక చిన్న జపాను కారులోంచి హీటరు విప్పుకొచ్చాడు. దాన్ని కిరాణా సంచిలో పెట్టి, పైన క్యాబేజీ పెట్టి తెచ్చాడు. దారిలో తన కార్ల క్లబ్బు మనుషులెవరైనా కనిపిస్తే పరువుపోతుందని.

హీటరు డబ్బా పెద్దది, డాష్‌బోర్డు కింద చోటు చిన్నది. డబ్బా కోసి పారేశాడు. లోపలి చిన్న రేడియేటరు, ఫ్యాను మాత్రం ఉంచుకుని వాటికి కొత్త అల్యూమినియం పెట్టె చేశాడు. ఇంజనులో మరిగే నీళ్లు ఒక గొట్టంలో వచ్చి ఆ రేడియేటరులో తిరిగి ఇంకో గొట్టంలో వెనక్కి పోతాయి. వెనకనుంచి ఫ్యాను ఊదుతుంది. వేడిగాలి అద్దం కిందున్న రెండు సన్నటి చీలికల్లోంచి పైకి వస్తుంది. అంతే. పని ముచ్చటగా ఉంది. కానీ అతను దాన్ని హీటరు అనలేదు. "ఆవిరి తుడిచే పరికరం" అన్నాడు. మా చేత కూడా అలాగే అనిపించాడు.

రోవీనా మళ్లీ వచ్చింది, ఊపిరి వదిలింది, అద్దం తేటపడింది. సర్టిఫికెట్ ఇచ్చేసి వెళ్లింది.

ఇంట్లో కార్లు కట్టుకునేవాళ్లకి మా వైపు ఒక క్లబ్బుంది. దాని ప్రెసిడెంటు ఆర్చీ ల్యాంగ్‌లాండ్స్. మా అందరికన్నా పెద్దవాడు. ఆయన కారుకి తలుపులు లేవు, పైకప్పు లేదు, ముందు అద్దం కూడా లేదు. తోలు టోపీ, గుండ్రటి కళ్లద్దాలు పెట్టుకుని నడుపుతాడు. సెల్విన్‌కి ఆయనంటే భక్తి. కొత్త కారు చూపించడానికి క్లబ్బు మీటింగుకి తీసుకెళ్లాడు. ఆర్చీ కారు చుట్టూ తిరిగి, వంగి, అద్దం కింద చీలికలు చూశాడు. వేలుపెట్టి చూశాడు. వేలికి వెచ్చగా తగిలింది.

"ఏం సెల్విన్, వచ్చే ఏడు కర్టెన్లు కూడా కడతావా?" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నన్ను చూసి నవ్వుతారని.

ఇంటిదారి పట్టాం. నేను ఎడమ సీట్లో ఉన్నాను. ఆ వేడిగాలి అద్దం మీదుగా పైకిపోయి ఆకాశంలో కలుస్తోంది. నా మోకాళ్లు మొద్దుబారిపోయాయి. వాళ్లింటి ముందు దిగుతుంటే కాలు మడతపడక, నోలీన్ చెయ్యిచ్చి లేపాల్సి వచ్చింది.

"ఊరంతటినీ వెచ్చబెడుతున్నావు గానీ పక్క మనిషి కాళ్లకి కాస్త పెడితే ఏం పోయిందయ్యా?" అంది మొగుణ్ణి.

"అది అద్దానికి."

"అద్దానికి చలేస్తుందా?"

"నువ్వు కూడా మొదలెట్టకు. ఇప్పటికే క్లబ్బులో పరువు పోయింది."

"పోయిన పరువు పోయింది. కాళ్లకి పెడితే కొత్తగా పోయేదేముంది? పెట్టు, నేనూ ఎక్కుతాను."

ఆమె మామూలుగానే అంది. సెల్విన్ మాత్రం చేతి తొడుగులు తీస్తూ తీస్తూ ఆగిపోయాడు. మర్నాడు పొద్దున్నే కంచె దగ్గరికొచ్చి, "టార్చి తెచ్చుకోరా," అన్నాడు.

అల్యూమినియం పెట్టెకి అడుగున చిల్లుపెట్టి, చిన్న రెక్క అమర్చి, ఎడమవైపు కాళ్లదాకా గొట్టం వేశాడు. గాలి వచ్చింది, గోరువెచ్చగా. చాల్లేదు. రొట్టెలు పంచే వ్యానులోంచి ఇంకా పెద్ద రేడియేటరు తెచ్చాడు. అది పట్టడానికి కారు ముందుగోడ కొయ్యాల్సి వచ్చింది. పెద్ద రేడియేటరుకి ఒక ఫ్యాను చాలదని రెండో ఫ్యాను పెట్టాడు. రెండు ఫ్యాన్ల మోతకి నోలీన్ బెదురుతుందేమోనని లోపలంతా గొర్రెబొచ్చు దట్టించాడు. వచ్చిన వేడి పైకి పోకుండా ఒళ్లోంచి డాష్‌బోర్డు దాకా జిప్పులున్న కాన్వాసు గుడ్డ కప్పాడు. పక్కలకి కాన్వాసు తలుపులు వచ్చాయి. పెడలుకి చిల్లులు పెట్టిన మనిషే ఇప్పుడు కారులోకి ఒక బలిసిన పొట్టేలంత బరువు ఎక్కించాడు. నేను ఆ మాట అన్నాను.

"బరువు కాదురా అది. సుఖం," అన్నాడు చూపు మరల్చకుండా.

ఇంతా చేశాక కొత్త చిక్కొకటి. చిన్న ఇంజను, పెద్ద హీటరు. ఇంజనులో పుట్టిన వేడంతా హీటరే లాగేసుకుంటోంది. గడ్డకట్టే చలిలో ఇంజను ఎంతకీ కాగదు, దగ్గుతూ మూలుగుతూ నడుస్తుంది. సెల్విన్ ఆప్రికాట్ పళ్ల అట్టపెట్టె చింపి, ముందు రేడియేటరుకి అడ్డంగా కట్టాడు, బయటిగాలి తగలకుండా. ఇదివరకు ఆ ఇంజను కారుని పరిగెత్తించడానికి ఉండేది. ఇప్పుడు హీటరుకి నీళ్లు కాచడానికి ఉంది. తీరిక దొరికినప్పుడు కారుని కూడా లాగుతుంది.

ఆ వారాల్లో నోలీన్ నాతో కంచె దగ్గర నిలబడి మాట్లాడింది. వంటింటి పొయ్యి దాటితే వాళ్లిల్లంతా మంచుగడ్డే, మా ఇల్లూ అంతే.

"మా పడగ్గది కిటికీకి లోపలివైపు మంచు గడ్డకడుతుంది మెర్వ్. అక్కడికి ఏ సర్టిఫికెట్ ఆవిడా రాదు. మా ఆయన పైకప్పున్న ఇల్లు వదిలేసి, పైకప్పు లేని కారుని వెచ్చబెడుతున్నాడు. వెళ్లి అందులోనే పడుకోనా?"

"ఆ మాట ఆయన్నే అడక్కపోయావా?"

"అడిగితే పడగ్గదికి కూడా ఫ్యాన్లు బిగిస్తాడు. ఉన్న నిద్ర కూడా పోతుంది," అంది.

జులైలో ఒక పొద్దున, కంచెలన్నీ తెల్లగా ఉన్నప్పుడు, ఆమె కారెక్కింది. రెండు కోట్లు, మఫ్లరు, ఉన్ని టోపీ, వేడినీళ్ల రబ్బరు సంచీ. సెల్విన్ జిప్పు ఆమె నడుందాకా లాగి, ఫ్యాన్లు వేసి, నదివైపు తీసుకెళ్లాడు. ఆ తర్వాత జరిగింది సెల్విన్ నాకు చెప్పాడు, నోలీన్ కూడా చెప్పింది. ఇద్దరూ ఒకేలా చెప్పారు కాబట్టి నిజమే అయుండాలి.

క్లైడ్ ఊరివైపు తిరిగేదాకా నోలీన్ ముడుచుకునే కూర్చుంది. ముందు చేతి తొడుగులు తీసింది. తర్వాత మఫ్లరు. తర్వాత వేడినీళ్ల సంచీ తీసి కాళ్లకింద పడేసింది. పైకోటు గుండీలు విప్పింది. మొహానికి చలిగాలి కొడుతోంది, ఒంటికి కిందనుంచి వేడి తగులుతోంది, చెట్లన్నీ తెల్లగా వెనక్కి పోతున్నాయి. ఆమె నవ్వింది. సెల్విన్‌కి కళ్లు చెమర్చాయి. గాలికి, అన్నాడు నాతో.

"ఆపు," అంది నోలీన్.

"ఏం? ఒంట్లో బాగాలేదా?"

"దిగు. నేను నడుపుతాను."

అతనెన్ని కలలు కన్నా ఇలాంటిదొకటి కని ఉండడు. దిగాడు. ఆమె స్టీరింగు పట్టుకుంది. కొంతదూరం పోగానే, "ఇదేంటి, ఇటువైపు ఏం రావట్లేదు?" అంది. రాదు. హీటరంతా ఎడమవైపుకే పెట్టాడు. డ్రైవరంటే తనే కదా, తనకి చలి స్వేచ్ఛ కదా.

"ఇటు తిప్పు," అంది నోలీన్.

మళ్లీ టార్చి పట్టుకున్నాను. గొట్టాన్ని రెండుగా చీల్చి కుడివైపుకి కూడా వేశాడు. కుడివైపు దారి దగ్గర, ఎడమవైపు దారి చుట్టు. గాలి దగ్గరి దారే పట్టింది. డ్రైవరుకి వేసవి, పక్కవాడికి చలికాలం. సరిచేద్దామనుకునేలోగా నోలీన్ తాళంచెవి తీసుకుని వెళ్లిపోయేది. వీధి చివర చీజ్ చుట్టిన రొట్టెలు అమ్మే షాపుకి కారెందుకని అడిగితే, "చుట్టుదారిన పోయి చుట్టుదారిన వస్తా," అనేది. అతను పక్కసీట్లో కోటు వేసుకుని కూర్చునేవాడు. ఆమె కుర్చీ కొలతలకి కట్టిన సీటు అతనికి చాలేది కాదు.

ఆగస్టులో క్లబ్బు చలికాలం యాత్ర వచ్చింది. అలెగ్జాండ్రా నుంచి నేస్‌బీ దాకా పోయి, అక్కడ మంచు మీద రాళ్లు జార్చే ఆట ఆడి, సూపు తాగి రావడం. నోలీన్ డ్రైవరు, సెల్విన్ పక్కన. నాకు సీటు లేకపోయింది. ఆర్చీ పెద్దమనసుతో తన పక్కన కూర్చోమన్నాడు. వద్దనడానికి మర్యాదగా ఒక్క కారణమూ తట్టలేదు.

బయలుదేరేముందు ఆర్చీ, నోలీన్ ఒళ్లోని కాన్వాసు జిప్పులు చూసి, "పడక కూడా వేశారన్నమాట," అన్నాడు.

"మీకు చలేస్తే చెప్పండి, దుప్పటి పంచుకుందాం," అంది నోలీన్.

అద్దం లేని కారులో కూర్చోవడమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలీదు. మొహం ముందు నొప్పెడుతుంది, తర్వాత మొహం ఉన్నట్టే తెలీదు. ఆర్చీ మాత్రం ఒమాకౌ దాటేదాకా పాటలు పాడాడు. బెక్స్ ఊరి దగ్గరికొచ్చేసరికి పాట ఆగింది. మిగతా కార్లన్నీ ముందెళ్లిపోయాయి. ఇంజను కాగక ముక్కుతూ వచ్చే నోలీన్ కారు ఒక్కటే మా వెనక ఉంది. హిల్స్ క్రీక్ ఎత్తు ఎక్కుతుంటే మా కారు రోడ్డు మధ్యకి పోతోంది, మళ్లీ పక్కకి వస్తోంది. వెనకనుంచి హారను మీద హారను. ఆర్చీ గడ్డిలోకి దించి ఆపాడు.

"ఎండ బాగా కాస్తోంది కదూ?" అన్నాడు నాతో నవ్వుతూ. కోటు గుండీ విప్పుకోబోయి, వేళ్లు ఆడక వదిలేశాడు. ఎండ ఎక్కడా లేదు. కొండమీద మంచుగాలి కోస్తోంది.

నోలీన్ పరిగెత్తుకొచ్చింది. వృద్ధాశ్రమంలో ఏళ్లతరబడి పనిచేసిన మనిషి. ఆయన మొహం, చేతులు చూసింది.

"ఎప్పట్నుంచి వణకడం మానేశాడు?" అంది నన్ను.

"పాట ఆపినప్పట్నుంచి అనుకుంటా."

"వణికితే భయం లేదు. మానేస్తేనే భయం. ఆర్చీ, దిగు."

"నాకేం కాలేదమ్మా. హాయిగా ఉంది. ఆ హీటరు కారులో నేను..." మాట నాలిక మీద ముద్దలా తిరుగుతోంది.

"నువ్వు ప్రెసిడెంటువి తర్వాత. ముందు దిగు. సెల్విన్, కాళ్లు పట్టుకో. మెర్వ్, చూస్తావేం, భుజం పట్టు!"

అంత పెద్దమనిషిని నోలీన్ నువ్వు అనడం అదే మొదలు. ముగ్గురం మోసుకెళ్లి ఎడమసీట్లో కూర్చోబెట్టాం. కానీ వేడి కుడివైపుకే ఎక్కువ వస్తోంది. సెల్విన్ వంగి, కాన్వాసు కింద తల దూర్చి, చేత్తోనే కుడిగొట్టం ఊడబెరికి తన మఫ్లరు అందులో కుక్కేశాడు. గాలంతా ఎడమవైపుకి తిరిగింది. నోలీన్ ఆర్చీ మెడదాకా జిప్పు లాగి, తన ఉన్నిటోపీ ఆయన తలకి తొడిగింది.

"ఆయన కారు మీరిద్దరూ తీసుకురండి," అని అరిచి, కదిలిపోయింది. ఆప్రికాట్ల అట్ట కట్టిన ఆ కారు ఏనాడూ అంత వేగంగా పోలేదు.

నేనూ సెల్విన్ మిగిలాం, అద్దం లేని కారూ మిగిలింది. సెల్విన్ ఆర్చీ కళ్లద్దాలు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. మెడకి మఫ్లరు లేదు. అయినా మొహం వెలిగిపోతోంది.

"ఇదిరా కారంటే! తేలిక చూడు. మాట వింటుంది చూడు," అన్నాడు.

ఎత్తు దిగేదాకా అలాగే అన్నాడు. చదును నేల మీదికి వచ్చాక అనడం తగ్గింది.

"ఒరేయ్ మెర్వ్, నా ముక్కుందా?"

"ఉంది."

"నాకు తెలీట్లేదు."

"నువ్వు పాడు. ఆపితే నాకు భయమేస్తుంది."

"పాటలు రావు నాకు."

"అయితే తిట్టు."

వెడర్‌బర్న్ దాకా తిట్టాడు. ముందు చలిని, తర్వాత అద్దాలు పెట్టించుకోని ప్రెసిడెంట్లని, తర్వాత గాలి మొహానికి కొడితే మజాగా ఉంటుందని జనానికి చెప్పే వెధవలని తిట్టాడు. ఆ వెధవ ఎవరో నాకు తెలుసు. 

నేస్‌బీ హాలు ముందు కారు ఆపాక అతని వేళ్లు స్టీరింగు నుంచి విడిరాలేదు. గడ్డం గట్టిగా గడ్డకట్టింది. నోలీన్ బయటికొచ్చి, ఒక్కొక్క వేలే విప్పింది, పసిపిల్లాడి చేతిలోంచి చాక్లెట్టు లాక్కున్నట్టు.

"ఎలా ఉందయ్యా గాలి?" అంది.

అతను నోరు తెరవబోయాడు. తెరుచుకోలేదు.

లోపల ఆర్చీ పొయ్యి దగ్గర దుప్పట్లో కూర్చుని ఉన్నాడు. రాన్‌ఫర్లీ నుంచి వచ్చిన నర్సు చూసి, ఇంకాసేపు ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పి వెళ్లిందట. ఇప్పుడు బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. క్లబ్బు వాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని చెబుతున్నాడు: పాదాల దగ్గర మొదలవుతుంది, మోకాళ్ల మీదికి ఎక్కుతుంది, ఎంత హాయో, ఏం పనితనమో, గొర్రెబొచ్చు కూడా పెట్టాడు చూశారా. అందరూ తలలాడిస్తున్నారు. ఆ మీటింగులో పగలబడి నవ్వినవాళ్లే అందరూ.

సెల్విన్ రెండు గిన్నెల సూపు తాగాక గానీ దవడ కదల్లేదు. ఆర్చీ అతన్ని దగ్గరికి పిలిచాడు.

"నీ దాన్ని ఏదో అంటావటగా, ఆవిరి తుడిచే పరికరమని?"

"అవునండీ."

"నాకూ ఒకటి కావాలి."

"మీ కారుకి అద్దం లేదు కదండీ. దేన్ని తుడుస్తుంది?"

"నన్ను తుడవనీ," అన్నాడు ఆర్చీ.

ఆ వసంతమంతా సెల్విన్ షెడ్డు ముందు కార్లు బారులు తీరాయి. అన్నీ హీటర్లకే. ఎవరూ అతని వెల్డింగు గురించి అడగలేదు, ఇంజను గురించి అడగలేదు, పెడల్ చిల్లుల వంక చూడనైనా లేదు. ఈ ప్రాంతంలోకెల్లా తేలికైన కారు కట్టిన మనిషిగా పేరు తెచ్చుకోవాలని ఏళ్లతరబడి కష్టపడ్డాడు. "హీటర్ల సెల్విన్" అన్న పేరు ఒక్క చలికాలంలో వచ్చేసింది. మొదట్లో ఆ పేరుకి మొహం చిట్లించేవాడు. తర్వాత ఫోను ఎత్తి తనే అలా చెప్పుకోవడం విన్నాను.

ఆర్చీ కారుకి ఆయన ఒళ్లోకే నేరుగా గాలి కొట్టేలా పెట్టాడు. ముందు అద్దం మాత్రం ఆర్చీ పెట్టించుకోలేదు. ఎంతైనా ప్రెసిడెంటు, కొన్ని పద్ధతులు ఉండాలి కదా.

అసలు తమాషా మా నడివేసవిలో, జనవరిలో వచ్చింది. పైకప్పు లేని కారుకి ఎండాకాలమే పండగ. క్లబ్బు వాళ్లంతా చొక్కా చేతులు మడిచి చెరువులవైపు షికార్లు పోతున్నారు. మా ఊళ్లో ఆ ఎండకి తారు మెత్తబడుతుంది. సెల్విన్ కట్టిన కారులో మాత్రం కాలు పెట్టడానికి లేదు. ఇంజను వేడినీళ్లు హీటరులోకి పోకుండా ఆపే కుళాయి అతను పెట్టలేదు. గడ్డకట్టే చలిలో పనిచేసేవాడికి వేడిని ఆపాలన్న ఆలోచన ఎందుకొస్తుంది? ఫ్యాన్లు ఆపినా పెట్టె నిప్పులకుంపటిలా కాగుతుంది. గొర్రెబొచ్చు ఆ వేడిని భద్రంగా దాచిపెడుతుంది.

ఒకరోజు నోలీన్ ఆ కారులోనే చర్చి గాయక బృందం రిహార్సలుకి పోయి వచ్చింది. దిగి, చెప్పులు విడిచి, నేరుగా పెరట్లో నీళ్ల గొట్టం దగ్గరికి పోయి, బకెట్లో నీళ్లు పట్టి రెండు కాళ్లూ అందులో పెట్టి కూర్చుంది. పాదాలు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. మేమిద్దరం షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. సెల్విన్ చేతిలో పానా ఉంది, ఇంకో చేతిలో ఇత్తడి కుళాయి. పక్కవీధివాడి కారు కోసం తెచ్చింది.

"ఒక్క గంట పని నోలీన్. ఒక గొట్టం కోసి, దీన్ని బిగిస్తే చాలు."

"ముట్టుకోకు."

"కాళ్లు కాలుతున్నాయి కదే."

"కాలనీ. నాకు అలవాటైపోయింది." ఆమె బకెట్లో కాళ్లు కదిలించింది. "నువ్వు ఒక గొట్టం కోస్తానంటావు. కోశాక పెట్టె విప్పుతావు. విప్పాక ఇంకేదో తోస్తుంది. ఆగస్టు దాకా కారు షెడ్డులోనే ఉంటుంది. వచ్చే బుధవారం నేను రిహార్సలుకి దేంట్లో పోవాలి?"

"మామూలు కారుంది కదా, ఏసీ కూడా ఉంది."

"దాంట్లో గాలి మొహానికి కొట్టదు," అంది నోలీన్.

సెల్విన్ చేతిలో కుళాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. షెడ్డులోకి పోయి, లైటు వేసి, పక్కవీధివాడి కారు కిందకి దూరాడు. కాసేపటికి, "మెర్వ్, ఎక్కడ చచ్చావురా, టార్చి పట్టు," అని లోపల్నుంచి కేక వినిపించింది.